కార్బ్యురేటర్ ఇంజనుకు ఏ ఫ్యూయల్ పంపు? ట్యాంకులో ఉన్నదాన్ని పీకే ముందు

ప్రశ్న: మేము టెక్సాస్‌లో హ్యూస్టన్ దగ్గర ఉంటున్నాం. నా దగ్గర 1991 మోడల్ షెవర్లే ఎస్-10 పికప్ ఉంది. దాని 2.8 లీటర్ల వీ6 ఇంజను పాడైపోయింది. దాని స్థానంలో 1974 నాటి షెవర్లే 350 స్మాల్ బ్లాక్ ఇంజనును (350 ఘనపు అంగుళాల వీ8) బాగుచేయించి పెడుతున్నాను. పైన ఎడెల్‌బ్రాక్ 1406 కార్బ్యురేటర్ ఉంటుంది. కట్టినవారు సుమారు 275 హార్స్‌పవర్ వస్తుందన్నారు. పాత ఇంజను థ్రాటిల్ బాడీ ఇంజెక్షన్‌ది (కంప్యూటర్ అదుపులో గాలి దారిలోకి పెట్రోలును చిమ్మే పద్ధతి) కాబట్టి ట్యాంకులో ఎలక్ట్రిక్ పంపు ఉంది. దాన్ని అలాగే వాడుకోవాలా, తీసేసి ఇంజను మీద మెకానికల్ పంపు బిగించాలా, లేక స్నేహితుడు ఇస్తానంటున్న హోలీ కంపెనీ వారి బ్లూ అనే ఎలక్ట్రిక్ పంపును ఫ్రేముకు తగిలించాలా? ఇక్కడి ఎండల్లో పెట్రోలు ఆవిరై బండి ఆగిపోతుందని కొందరు భయపెడుతున్నారు.

సమాధానం: మీ బండికి సంబంధించినంతవరకు నా సలహా ఇది: ట్యాంకులో పంపు ఉండే పద్ధతినే ఉంచుకోండి, ఇంజను దగ్గర రిటర్న్ లైను (మిగులు పెట్రోలును ట్యాంకుకు తిప్పి పంపే పైపు) ఉన్న, ఒత్తిడిని అదుపు చేసే రెగ్యులేటర్ ఒకటి పెట్టండి, పంపును ఆపే ఎలక్ట్రికల్ ఏర్పాటును మాత్రం పూర్తిగా కొత్తగా కట్టండి. మెకానికల్ పంపు చెడ్డదని కాదు. కొన్ని బండ్లకు అంతకు మించినది లేదు. కానీ మీ పికప్‌లో ఫ్యాక్టరీ వాళ్లు ఇప్పటికే వేసిపెట్టిన రెండు లైన్లున్నాయి, పెట్రోలులో మునిగి చల్లగా పనిచేసే పంపు ఉంది. వాటిని వదులుకోవడానికి గట్టి కారణం ఏదీ నాకు కనిపించడం లేదు.

ముందు ఒత్తిడి సంగతి చూద్దాం. కార్బ్యురేటర్‌లో ఫ్లోట్ పైకి లేచినప్పుడు చిన్న నీడిల్ వాల్వు సీటుకు అతుక్కుని పెట్రోలును ఆపుతుంది. ఆ ఫ్లోట్‌కున్న బలం చాలా తక్కువ. మీ ఎడెల్‌బ్రాక్‌కు సుమారు 5.5 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌన్లు) అనుకూలం, 6.5 దాటకూడదు. దాటితే నీడిల్ సీటు మీద నిలవదు. పెట్రోలు బౌల్ నిండి పొర్లి ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లోకి దిగుతుంది. ఇంజను నల్ల పొగ వదలడం అందులో చిన్న బాధ. సిలిండర్ గోడల మీది నూనె కడుక్కుపోవడం, క్రాంక్‌కేసులోని ఆయిల్ పలచబడడం, వేడి మానిఫోల్డ్ మీద పెట్రోలు పడి మంటలు రావడం పెద్ద బాధలు. మీ పాత థ్రాటిల్ బాడీ వ్యవస్థ పనిచేసే ఒత్తిడి 9 నుంచి 13 పీఎస్ఐ. అంటే ఆ పంపును నేరుగా కార్బ్యురేటర్‌కు కలపడం ఏ పరిస్థితిలోనూ కుదరదు.

ఇక్కడ చాలామంది పట్టించుకోని విషయం ఒకటి ఉంది. ఆ 9 నుంచి 13 అనేది పంపు శక్తికి హద్దు కాదు. ఆ అంకెను నిర్ణయించినది థ్రాటిల్ బాడీలోనే ఇమిడి ఉన్న రెగ్యులేటర్. రిటర్న్ లైను మొదలయ్యేది కూడా అక్కడి నుంచే. మీరు థ్రాటిల్ బాడీని తీసి పక్కన పెట్టినప్పుడు రెగ్యులేటర్ కూడా దానితోపాటే వెళ్లిపోతుంది. పంపుకు ఎదురు లేకుండా పోయి, మూసి ఉన్న లైనులో అది 13 కన్నా పైకే తోస్తుంది. అందువల్ల ‘పదమూడే కదా, ఎలాగోలా తగ్గిద్దాం’ అని లైను మధ్యలో చవకబారు డయల్ రెగ్యులేటర్ ఒకటి పెట్టి, రిటర్న్ లైనును మూసేయడం ఈ మార్పిడిలో చేయగల పనులన్నింటిలోకీ చెడ్డది. అటువంటి రెగ్యులేటర్ దారిని మూసి ఒత్తిడిని ఆపుతుంది. పంపు మాత్రం పారే చోటు లేక అదే పెట్రోలును తనలో తానే తిప్పుకుంటూ వేడెక్కుతుంది. ఇంజను ఆపిన తరువాత లైనులో చిక్కుకున్న పెట్రోలు వేడికి వ్యాకోచించి, వెనక్కి పోయే దారి లేక, నీడిల్‌నే తోస్తుంది.

మీకు కావలసినది బైపాస్ రెగ్యులేటర్. అది కార్బ్యురేటర్‌కు వెళ్లే లైనులో అడ్డంగా నిలబడదు. కార్బ్యురేటర్ దగ్గర ఒక టీ పెట్టి, దాని ఒక కొమ్మకు రెగ్యులేటర్‌ను, రెగ్యులేటర్ బయటి నోటికి పాత రిటర్న్ లైనును కలుపుతారు. ఒత్తిడి మీరు పెట్టిన అంకెను దాటగానే మిగులు పెట్రోలంతా ట్యాంకులోకి తిరిగి పోతుంది. కొనేటప్పుడు అది కార్బ్యురేటర్ శ్రేణికి చెందినదేనా అని చూసుకోండి. 40, 50 పీఎస్ఐల ఇంజెక్షన్ ఇంజన్లకు చేసిన రెగ్యులేటర్ ఎంత ఖరీదైనదైనా 5.5కు దిగిరాదు. దానికి వాక్యూమ్ గొట్టం తగిలించే చిన్న నోరు ఉంటే, మీ ఇంజనుకు టర్బో లేదు కాబట్టి, దాన్ని గాలికి తెరిచే ఉంచండి. ఈ ఏర్పాటులో పంపు తనకు అలవాటైన దానికన్నా తక్కువ ఒత్తిడికి వ్యతిరేకంగా పనిచేస్తుంది కనుక కరెంటు తక్కువ తీసుకుంటుంది, పెట్రోలు మునుపటికన్నా ఎక్కువే తోస్తుంది.

ఆ ‘ఎక్కువ’ మీ 350కి సరిపోతుందా అన్నది లెక్క వేసి చూడవలసిన సంగతి. టర్బో లేని పెట్రోలు ఇంజను పూర్తి శక్తితో పనిచేస్తున్నప్పుడు ఒక్కో హార్స్‌పవర్‌కు గంటకు సుమారు అర పౌను పెట్రోలు తీసుకుంటుందని వాడుక లెక్క. 275 హార్స్‌పవర్‌కు గంటకు దాదాపు 138 పౌన్లు. గ్యాలన్ పెట్రోలు సుమారు ఆరు పౌన్లు తూగుతుంది కాబట్టి ఇది గంటకు 23 గ్యాలన్లు, అంటే 87 లీటర్లు. నిమిషానికి లీటరున్నర కూడా పూర్తిగా కాదు. పంపుల పెట్టెల మీద కనిపించే 97, 110 గ్యాలన్ల అంకెల పక్కన పెడితే ఇది చాలా చిన్న అవసరం. ఆ అంకెలు ఎదురు ఒత్తిడి ఏమీ లేనప్పుడు కొలిచినవి. హోలీ రెడ్ పంపునే తీసుకుంటే, ఖాళీగా 97 గ్యాలన్లు తోసేది 4 పీఎస్ఐ దగ్గర 71కి దిగుతుంది. అయినా మీ అవసరానికి మూడు రెట్లు.

పుస్తకాల లెక్కకన్నా డబ్బాలో కొలిచినది నమ్మదగినది. రెగ్యులేటర్‌ను 5.5 దగ్గర పెట్టండి. కార్బ్యురేటర్‌కు వెళ్లే గొట్టాన్ని విప్పి, దాని చివర గేజి, ఒక బాల్ వాల్వు బిగించండి. గేజి 5 దగ్గర నిలిచేంతవరకు వాల్వును కొద్దికొద్దిగా మూస్తూ, ముప్పై సెకన్లలో డబ్బాలో పడే పెట్రోలును కొలవండి. లీటరు వస్తే మీ అవసరం తీరగా ఇంకా మూడో వంతుకు పైగా మిగులు ఉన్నట్టు. ముప్పావు లీటరు దగ్గరే ఆగిపోతే పంపు అంచు మీద ఉంది, మార్చండి. ఈ కొలత ఆరుబయట, ఇగ్నిషన్ కాయిల్ తీగ విప్పి, పెట్రోలు మంటలను ఆర్పే సిలిండర్‌ను చేతికి అందే దూరంలో పెట్టుకుని చేయాలి. కొలత తక్కువ వచ్చిందని వెంటనే పంపును తిట్టుకోకుండా, అది తిరుగుతున్నప్పుడు దాని టెర్మినళ్ల దగ్గర ఎన్ని వోల్టులు అందుతున్నాయో కూడా చూడండి. ముప్పై ఏళ్ల కనెక్టర్లు, తుప్పు పట్టిన ఎర్తు కలిసి ఒక వోల్టు మింగేస్తే పంపు కొత్తదైనా మందగిస్తుంది.

నిజానికి కొలతలో నెగ్గినా సరే, ఆ వయసు పంపును ఇప్పుడే మార్చడం మంచిదని నా ఉద్దేశం. ఇంజను దించి ఉన్నప్పుడు ట్యాంకు దించడం ఒక పూట పని. రోడ్డు పక్కన అది ఒక పూటలో తేలదు. ట్యాంకు దించినప్పుడు పంపుకు, పైకి వెళ్లే పైపుకు మధ్య ఉండే, పెట్రోలు కుదుపులను తగ్గించే చిన్న పల్సేటర్‌ను గమనించండి. జీఎం (షెవర్లే మాతృసంస్థ జనరల్ మోటార్స్) బండ్లలో అది పాతబడి లోపలే కారడం సాధారణం. పంపు బాగానే ఉన్నా పెట్రోలు ట్యాంకులోనే తిరుగుతుంది. దాని బదులు ఒక గొట్టం ముక్క వేయవచ్చు. అయితే అది మునిగి ఉండడానికి చేసిన గొట్టం కావాలి. ఎస్ఏఈ జే30ఆర్10 అని దాని మీద ముద్రించి ఉంటుంది. బయట వాడే మామూలు ఫ్యూయల్ గొట్టం లోపలివైపు మాత్రమే పెట్రోలును తట్టుకునేలా తయారవుతుంది. ట్యాంకులో వేస్తే బయటి పొర మెత్తబడి ఊడిపోతుంది.

ఇక మెకానికల్ పంపు. మీ 1974 బ్లాకులో కుడి పక్క, ముందు భాగాన, దానికోసం చేసిన చోటు ఉంటుంది. క్యామ్‌షాఫ్ట్ మీది ఎక్సెంట్రిక్ (కేంద్రం పక్కకు తప్పిన చక్రం) 5.75 అంగుళాల పుష్‌రాడ్‌ను కదిలిస్తే, అది పంపు చేతిని నొక్కుతుంది. కరెంటు అక్కరలేదు, రెగ్యులేటర్ అక్కరలేదు, అన్నింటికన్నా ముఖ్యంగా ఇంజను ఆగిన క్షణంలో పంపు ఆగిపోతుంది. పుట్టుకతోనే కార్బ్యురేటర్ ఉన్న బండిలో, ఉదాహరణకు 1970ల నాటి పికప్‌లో, ఇదే 350ని పెడుతున్నానని మీరు రాసి ఉంటే నేను రెండో మాట లేకుండా దీన్నే చెప్పేవాణ్ణి. క్యామ్‌షాఫ్ట్ కొత్తది వేశారేమో కట్టినవారిని అడగండి. దాని మీద ఎక్సెంట్రిక్ లేకపోతే ఈ చర్చే లేదు. తరువాతి తరం ఎల్ఎస్ ఇంజన్లను కార్బ్యురేటర్‌తో నడిపేవారికి ఫ్యాక్టరీ బ్లాకు మీద ఈ అవకాశమే ఉండదు కాబట్టి వారు ఎలక్ట్రిక్ పంపుకే రావాలి.

మీ ఎస్-10లో దీనికి రెండు ఇబ్బందులున్నాయి. మొదటిది, ఇంజను మీది పంపు ట్యాంకు నుంచి పెట్రోలును పీల్చాలి. మధ్యలో ఆగిపోయిన ఎలక్ట్రిక్ పంపు ఉంటే దాని గుండా పీల్చడం గొంతు పట్టుకున్నట్టే అవుతుంది కాబట్టి, ట్యాంకు దించి ఆ పంపును తీసి, దాని స్థానంలో సాదా పైపును, అడుగున జల్లెడను పెట్టవలసిందే. అంటే పని తగ్గదు. రెండోది మీరు భయపడుతున్న ఆవిరి సమస్య.

ద్రవం మీద ఒత్తిడి తగ్గితే అది తక్కువ వేడికే మరుగుతుంది. ఇంజను మీది పంపు దాదాపు పది అడుగుల దూరం నుంచి పీలుస్తున్నప్పుడు ఆ లైనంతటా ఒత్తిడి వాతావరణం కన్నా తక్కువగా ఉంటుంది. పైగా పంపు వేడి బ్లాకుకు అతుక్కుని ఉంటుంది. ఆవిరి బుడగలు చేరిన పంపు ద్రవాన్ని తోయలేదు. ఆంధ్ర ప్రాంతంలో ఘాట్ రోడ్డు ఎక్కుతూ అంబాసిడర్ ఆగిపోతే డ్రైవరు పంపు మీద తడిగుడ్డ వేసి కూర్చునేవాడని మన పాఠకుల్లో కొందరికి గుర్తుండవచ్చు. అది సరిగ్గా ఈ జబ్బుకు చేసిన వైద్యమే. ట్యాంకులోని పంపు పీల్చదు, తోస్తుంది. లైనంతా వాతావరణం కన్నా ఎక్కువ ఒత్తిడిలో ఉండడమే కాకుండా, రిటర్న్ దారి వల్ల ఇంజను గదిలోకి వచ్చిన పెట్రోలు అక్కడే నిలిచి కాగకుండా చల్లని ట్యాంకులోకి తిరిగి వెళుతూ ఉంటుంది. హ్యూస్టన్ ఎండకు ఇంతకన్నా మంచి మందు లేదు. చలికాలపు పెట్రోలును సులభంగా ఆవిరయ్యేలా కలుపుతారు కాబట్టి ఈ బాధ నడి వేసవిలో కన్నా వసంతం మొదట్లో అకస్మాత్తుగా ఎండ కాసిన రోజున ఎక్కువగా బయటపడవచ్చు. ఒకవేళ మీరు మెకానికల్ పంపే ఎంచుకుంటే, జీఎం ఎయిర్ కండిషన్ బండ్లకు ఇచ్చినట్టు మూడో నోరు ఉన్న పంపును కొని, దాన్ని మీ రిటర్న్ లైనుకు కలపండి. బిగించేటప్పుడు పుష్‌రాడ్ కిందికి జారుతూ విసిగిస్తుంది. బ్లాకు ముందు వైపు ఆ రాడ్ రంధ్రంలోకి తెరుచుకునే బోల్టు చోటు ఉంది, అక్కడ కాస్త పొడవైన బోల్టును వేళ్లతో మాత్రమే బిగించి రాడ్‌ను నిలబెట్టి, పని కాగానే తిరిగి పొట్టి బోల్టును వేయాలి. ఆ మార్పు మరిచిపోతే రాడ్ కదలదు, లేదా వంగుతుంది.

స్నేహితుడి బ్లూ పంపు మంచి సరుకే, కానీ మీ పనికి పెద్దది. ఖాళీగా గంటకు 110 గ్యాలన్లు, 14 పీఎస్ఐ వరకు తోసే పంపును పెట్టి, దాన్ని 5.5కు అణచడానికి మళ్లీ రెగ్యులేటర్ మీదే ఆధారపడాలి. బైపాస్ పద్ధతిలో కలిపితే అంత మిగులు పెట్రోలును మీ సన్నని పాత రిటర్న్ లైను మోయలేక, రెగ్యులేటర్‌ను ఎంత వదులు చేసినా ఒత్తిడి దిగదు. ఫ్రేముకు తగిలించే పంపులకు మరో నియమం: అవి తోయడంలో బలమైనవి, పీల్చడంలో బలహీనమైనవి. కాబట్టి ట్యాంకుకు దగ్గరగా, దాని అడుగు మట్టానికి సమంగా గానీ దిగువన గానీ ఉండాలి. రబ్బరు బుష్‌ల మీద నిలబెట్టినా వాటి గుర్రుమనే చప్పుడు క్యాబిన్‌లోకి వినిపిస్తుంది. తప్పనిసరై బయటి పంపే పెట్టాలంటే, 7 పీఎస్ఐ దగ్గర ఆగే రెడ్ వంటి చిన్న పంపు, 6.5 దాటకుండా రెగ్యులేటర్‌తో, చాలు. అయితే అంత తక్కువ ఒత్తిడి పంపు వెనక ఉన్నప్పుడు ఇంకో చిక్కు: బండి బలంగా ముందుకు దూకితే లైనులోని పెట్రోలు బరువు వెనక్కి నొక్కుతుంది. ఒక్కో అడుగు పొడవు లైనుకు ఒక జీ (భూమ్యాకర్షణకు సమానమైన) వేగవృద్ధి దగ్గర దాదాపు 0.3 పీఎస్ఐ పోతుంది. పది అడుగులకు అర జీ దగ్గర ఒకటిన్నర. రోజువారీ నడకలో ఇది లెక్కలోకి రాదు. డ్రాగ్ స్ట్రిప్‌కు (పొట్టి, తిన్నని పందెపు ట్రాకుకు) వెళ్లే ఉద్దేశం ఉంటే వస్తుంది.

లైన్ల గురించి ఎక్కువ చెప్పను. పాత స్టీలు పైపులు తుప్పు పట్టకపోతే వాటినే వాడండి, సప్లై లైను 3/8 అంగుళాలుంటే నిశ్చింత. ట్యాంకు ఎడమ పక్క ఉంది కాబట్టి రెండు సైలెన్సర్ పైపులు వేయించేటట్టయితే ఎడమ పైపు దాన్ని, లైన్లను ఎంత దూరంలో దాటుతుందో ముందే కొలిచి వేడిని ఆపే రేకు వేయించండి. ట్యాంకు ఆవిరిని పట్టే చార్‌కోల్ క్యానిస్టర్‌ను పారేయవద్దు. ట్యాంకుకు గాలి ఆడే దారి మూసుకుపోతే లోపల వాక్యూమ్ ఏర్పడి ఎంత మంచి పంపైనా ఆకలితో ఆగిపోతుంది. అలాగే మానిఫోల్డ్ పైన గాజు బుడ్డి ఫిల్టర్‌ను మెరుపు కోసం పెట్టే అలవాటు నాకు ఏమాత్రం నచ్చదు. లోహపు ఫిల్టర్‌ను వేడికి దూరంగా పెట్టండి.

ఎలక్ట్రికల్ పని దగ్గర మాత్రం కొంచెం ఆగాలి, ఎందుకంటే ఈ మార్పిడిలో ప్రాణాపాయం ఉన్న భాగం ఇదే. మీ పాత బండిలో తాళం తిప్పగానే కంప్యూటర్ పంపును సుమారు రెండు సెకన్లు తిప్పి ఆపేది. ఇంజను తిరుగుతున్నట్టు డిస్ట్రిబ్యూటర్ నుంచి సంకేతాలు అందితేనే మళ్లీ నడిపేది. ఆయిల్ ప్రెషర్ స్విచ్ ఒకటి దానికి తోడుగా ఉండేది. కార్బ్యురేటర్ వచ్చాక కంప్యూటర్ పోతుంది, దానితోపాటు ఈ కాపలా కూడా పోతుంది. చాలామంది పంపు తీగను తాళం ఆన్ చేస్తే కరెంటు వచ్చే చోటుకు కలిపి ఊరుకుంటారు. అటువంటి బండి ప్రమాదంలో దెబ్బతిని, లైను తెగి, ఇంజను ఆగిపోయినా తాళం ఆన్‌లో ఉన్నంతసేపు పంపు పెట్రోలును బయటికి తోస్తూనే ఉంటుంది.

దీనికి పాత జీఎం పద్ధతినే వాడండి. మూడు టెర్మినళ్ల ఆయిల్ ప్రెషర్ స్విచ్‌లో ఒకదానికి స్టార్టర్ తిరిగేటప్పుడు మాత్రమే వచ్చే కరెంటును, మరోదానికి ఇగ్నిషన్ కరెంటును, మూడోదానికి పంపు రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్) కాయిల్‌ను కలుపుతారు. స్టార్టర్ తిప్పినప్పుడు పంపు నడుస్తుంది, ఆయిల్ ఒత్తిడి లేచాక దాని మీద నిలుస్తుంది, ఇంజను ఆగి ఒత్తిడి పడిపోతే పంపు ఆగుతుంది. పంపుకు అసలు కరెంటును బ్యాటరీ నుంచి, బ్యాటరీ దగ్గరే ఫ్యూజు పెట్టి, రిలే ద్వారా ఇవ్వండి. ఆ దారిలో ఫోర్డ్ బండ్లలో ఉండే ఇనర్షియా స్విచ్ ఒకటి చేర్చండి. గుద్దుకున్నప్పుడు అది తెరుచుకుంటుంది, పాత బండ్ల విడిభాగాల యార్డుల్లో చవకగా దొరుకుతుంది. ఇగ్నిషన్ సంకేతాలు ఆగితే పంపును ఆపే రిలేలు కూడా అమ్ముతున్నారు. ఆయిల్ స్విచ్ బదులు అవి వాడినా సరే.

మీరు అడగకపోయినా ఒక మాట. 1991 నాటి బండిలో అంతకన్నా పాత ఇంజనును, కార్బ్యురేటర్‌తో, పెట్టి రోడ్డు మీద నడపడాన్ని అమెరికా పర్యావరణ సంస్థ క్లీన్ ఎయిర్ చట్టం కింద ఉద్గార నియంత్రణలను తొలగించడంగానే చూస్తుంది. ఇంత పాత బండికి టెక్సాస్‌లో ఉద్గార పరీక్ష లేకపోవడం వేరు, చట్టం ఒప్పుకోవడం వేరు. బండిని రోడ్డు కోసం కడుతున్నారో, ట్రాకు కోసమో ముందే తేల్చుకోండి.

అంతా బిగించాక, మొదటిసారి నడిపే ముందు, బండి నిలబెట్టి ఉండగానే మూడు పరీక్షలు చేయండి. ఇంజను నడుస్తుండగా గేజి 5.5 దగ్గర నిలిచి, యాక్సిలరేటర్ నొక్కినప్పుడు 5 కన్నా కిందికి పడకూడదు. ఆ గేజి బానెట్ కిందే ఉండాలి. క్యాబిన్‌లో చూసుకోవాలనుకుంటే ఎలక్ట్రిక్ సెండర్ ఉన్న గేజి కొనండి, పెట్రోలు గొట్టాన్ని మాత్రం లోపలికి తీసుకురావద్దు. తరువాత ఇంజను బాగా వేడెక్కాక ఆపి, పది నిమిషాలు ఆగి, కార్బ్యురేటర్ గొంతులోకి టార్చి వేసి చూడండి. వెంచురీల (గొంతు సన్నబడే చోట్ల) దగ్గర పెట్రోలు బొట్లు కనిపిస్తే ఒత్తిడి గానీ ఫ్లోట్ మట్టం గానీ ఎక్కువగా ఉంది. చివరగా, నడుస్తున్న ఇంజనులో ఇనర్షియా స్విచ్‌ను చేత్తో తట్టి తెరవండి. గేజి వెంటనే సున్నాకు పడిపోవాలి, బౌల్‌లో మిగిలిన పెట్రోలు అయిపోగానే ఇంజను ఆగాలి. అలా ఆగకపోతే బండిని షెడ్డు దాటించకుండా ఆ తీగలను మళ్లీ మొదటి నుంచి చూసుకోండి.